చెవి మీద ఫోకస్

మిర్రర్‌లెస్ కెమెరా కొన్నాక తెలిసింది, అసలు ఖర్చంతా లెన్సులదేనని. అందుకే పాత మాన్యువల్ లెన్సుల వెంట పడ్డాను. సోవియట్ కాలపు హీలియోస్ 44-2, 58 ఎం.ఎం. అప్పట్లో జెనిట్ కెమెరాలతో వచ్చేది. మరలా తిప్పి బిగించే ఎం42 రకం. ఇప్పటి కెమెరాల్లో అద్దం లేదు, ఒళ్లు పలచన. మధ్యలో అడాప్టర్‌కి చోటుంటుంది.

మొదటిది ఫొటో చూసి కొనేశాను. వచ్చాక టార్చి వేస్తే లోపల సాలెగూడులా ఫంగస్! మన సముద్రపు తేమకి బీరువాలో పడున్న లెన్సుకి అదే గతి. "డబ్బులెక్కువయ్యాయేంట్రా?" అంది అమ్మ. రెండోసారి అమ్మేవాడి చేత వీడియోలో టార్చి వేయించి, అపర్చర్ రేకులకి నూనె లేదని చూశాకే డబ్బు పంపాను.

బిగిస్తే కెమెరా 'లెన్స్ లేదు' అంది. మెనూలో 'లెన్స్ లేకుండా షట్టర్' ఆన్ చేశాక దారికొచ్చింది.

ఆ ఆదివారం నాన్నని బొజ్జన్నకొండకి తీసుకెళ్లాను. నలభయ్యేళ్లు బెల్లం మార్కెట్లో దిమ్మలు మోసిన మనిషి, మెట్ల మధ్యలోనే కూర్చుండిపోయాడు. ఎఫ్/2లో కాస్త కదిలినా కళ్లు మసకబారి చెవి తేలుతుంది. "ఇంకా ఎంతసేపురా?" అంటున్నాడు. రింగు తిప్పుతూ ఆయన మొహం అంతసేపు చూడాల్సొచ్చింది. ఎడమ కనుబొమ్మ మీద గాటు. ఎప్పటిదని అడిగితే, "నీకు మూడేళ్లప్పటిది" అన్నాడు.

పన్నెండు తీస్తే ఒక్కటే నిలిచింది. అమ్మకి మాత్రం ఫోకస్ చెవి మీదున్నదే నచ్చింది. అందులో నవ్వుతున్నాడట.