అట్లాంటా రైలుదారి వెంట

అట్లాంటా నగరానికి సముద్రం లేదు. ఓడలు నడిచే నది లేదు. ఆ ఊరికి ఊపిరి పోసింది రైలుబండి. 1837లో ఒక రైలుమార్గం ముగిసే చోట నాటిన గుర్తు చుట్టూ నాలుగు గుడిసెలు వెలిస్తే, ఆ చోటును 'టెర్మినస్' అన్నారు. నేడు అది అమెరికా దక్షిణాదిలో పెద్ద నగరాలలో ఒకటి, జార్జియా రాష్ట్ర రాజధాని. అంతర్యుద్ధం తర్వాత నగరం నడిబొడ్డున రద్దీ తప్పించడానికి సరకుల రైళ్ల కోసం ఊరి చుట్టూ దారులు వేశారు. ఆ పట్టాల పక్కనే గిడ్డంగులు, మిల్లులు లేచాయి. కాలక్రమేణా లారీలు వచ్చాయి, మిల్లులు మూతపడ్డాయి, పట్టాలు తుప్పుపట్టాయి. జపాను నుంచి వచ్చిన కుడ్జు అనే తీగ వాటన్నిటినీ కప్పివేసింది. అక్కడి నేల మన తెలుగు మెట్ట పొలాల మాదిరిగా ఎర్రగా ఉంటుంది. ఆ ఎర్రమట్టి మీద పచ్చని తీగ, దాని కింద పాత ఇనుము, ఇదే కొన్ని దశాబ్దాల పాటు ఆ దారి స్వరూపం.

1999లో రయన్ గ్రావెల్ అనే విద్యార్థి జార్జియా టెక్ విద్యాసంస్థలో తన పట్టా కోసం ఒక సిద్ధాంత వ్యాసం సమర్పించాడు. విడివిడిగా పడి ఉన్న ఈ పాత రైలుదారులను కలిపితే నగరం చుట్టూ ఒక వలయం ఏర్పడుతుందని, దాని మీద ట్రాము నడపవచ్చని అతని ఆలోచన. పుస్తకాల బీరువాలో ఉండిపోవలసిన ఆ వ్యాసాన్ని పేటల్లోని సామాన్యులు సమావేశాలు పెట్టి మరీ నెత్తికెత్తుకున్నారు. 2005లో నగర పాలకులు ఆమోదించారు. దాని పేరు బెల్ట్‌లైన్. వలయం పొడవు 22 మైళ్లు, అంటే సుమారు 35 కిలోమీటర్లు. అది తాకే పేటలు 45. మేము వెళ్లిన నాటికి ట్రాము రాలేదు, వలయమూ పూర్తి కాలేదు. కాని పద్నాలుగు అడుగుల వెడల్పుతో కాంక్రీటు కాలిబాట చాలా దూరం వచ్చింది. తూర్పు బాట 2012లో, పడమటి బాట 2017లో జనానికి తెరుచుకున్నాయి. ఆ బాట వెంట ఉన్న ఉద్యానవనాలలో ఎవరైనా వచ్చి చేరగల ఉచిత వ్యాయామ తరగతులు నడుపుతున్నారు. మేము ముఖ్యంగా చెప్పదలచినది వాటి గురించే.

మా పెద్దబ్బాయి నివాసం నగరానికి ఉత్తరాన ఉన్న ఆల్ఫరెట్టాలో. అక్కడ తెలుగువారి ఇళ్లు ఎన్నో. ఇల్లు విశాలం, వీధి శుభ్రం, కాని పాలపాకెట్టు కావాలన్నా కారు తీయాలి. మా ఇంటివారికి మధుమేహం, మోకాళ్ల నొప్పి. రోజూ కదలమని వైద్యులు మందుచీటీ మీద రాసి ఇచ్చారు. బెల్ట్‌లైన్ తరగతుల సంగతి కోడలు చెప్పినప్పుడు ఆమె అడిగిన మొదటి ప్రశ్న ఇది: "ఉచితమంటే ఎవరికి బేటీ? బుర్ఖాతో వెళితే రానిస్తారా?" నలుగురు మన వైపు చూస్తారన్న సంకోచంతో ఇంట్లోనే కూర్చుని శరీరాన్ని పాడుచేసుకునే సోదరీమణులు మన ప్రతి పేటలోనూ ఉన్నారు. అందుకే స్వయంగా వెళ్లి చూడాలనుకున్నాము.

మొదట తూర్పు బాటకు వెళ్లాము. అక్కడ హిస్టారిక్ ఫోర్త్ వార్డ్ పార్కు నడుమ ఒక పెద్ద చెరువు ఉంది. అది అందం కోసం తవ్వినది మాత్రమే కాదు. వానలకు ఆ పల్లపు పేట మునిగిపోకుండా వరదనీటిని నిలుపుకోవడానికి తవ్వినది. పక్కనే 1926లో సియర్స్ వ్యాపార సంస్థ కట్టిన బ్రహ్మాండమైన ఇటుకల కట్టడం ఇప్పుడు ఖరీదైన దుకాణాల సముదాయంగా మారింది. మరికొంత దక్షిణంగా వెళితే మార్టిన్ లూథర్ కింగ్ పుట్టిన ఇల్లు దగ్గరే. పచ్చిక మీద యువతీయువకులు చాపలు పరుచుకుని యోగా చేస్తున్నారు. యోగా విషయంలో ఉలమాల అభిప్రాయాలు ఒకటి కావని పాఠకులకు తెలుసు. శ్లోకమో, ఆరాధనా భావమో కలిసిన చోటికి విశ్వాసి వెళ్లకూడదు, అందులో సందేహం లేదు. వట్టిగా కండరాలు చాచడం మాత్రం ఏ మతం సొత్తూ కాదు. అయినా సందేహం ఉన్న చోట నిలబడడం కంటే మరో తరగతి వెతుక్కోవడమే మేలనిపించింది. ఇంకొక మాట కూడా చెప్పాలి. అక్కడ అందరూ యువకులే, అందరి దుస్తులూ ఖరీదైనవే. ఎవరూ మమ్మల్ని అడ్డగించలేదు, ఎవరూ పలకరించనూ లేదు. తలుపు తెరిచి ఉన్నంత మాత్రాన ఇల్లు మనదని అనిపించదు కదా!

మరుసటి శనివారం మా అబ్బాయి మమ్మల్ని నగరం అవతలి వైపుకు, పడమటి బాట మీద ఉన్న వాషింగ్టన్ పార్కుకు తీసుకుపోయాడు. తెల్లవారికీ నల్లవారికీ వేరువేరు బెంచీలు, వేరువేరు బడులు ఉన్న కాలంలో, 1919లో, అట్లాంటాలో నల్లజాతి పౌరులకు దక్కిన మొదటి పార్కు ఇదే. సమీపంలోనే 1924లో ప్రారంభమైన బుకర్ టి. వాషింగ్టన్ ఉన్నత పాఠశాల ఉంది. మార్టిన్ లూథర్ కింగ్ చదువుకున్నది అందులోనే. ఊరిలోని మిగతా పచ్చిక మీద కాలు పెట్టనివ్వని రోజుల్లో, తాతముత్తాతలు పిల్లలను ఆడించుకున్న నేల అది. ఈ సంగతి తెలిసి చూస్తే అక్కడ ఒక వృద్ధురాలు చేతులు పైకెత్తి దించడం కూడా వేరుగా కనిపించింది.

ఉదయం తొమ్మిది గంటల తరగతి. ముందుగా ఒక కాగితం మీద సంతకం చేయాలి: దెబ్బ తగిలితే బాధ్యత మనదే అని. ఆ తర్వాత రుసుము లేదు, ప్రశ్న లేదు. నీళ్ల సీసా, చాప మనం తెచ్చుకోవాలి. శిక్షకురాలు నలభై ఏళ్ల నల్లజాతి స్త్రీ. మా ఇంటివారిని చూడగానే దగ్గరికి వచ్చి, "మ్యామ్, ఏ మోకాలు? ఎన్నాళ్లుగా?" అని అడిగింది. కోడలు ఇంగ్లీషులోకి మార్చి చెప్పింది. ఆమె తల ఊపి ఒక మడతకుర్చీ తెప్పించింది. తక్కినవారు గొంతుకూర్చుని లేస్తుంటే మా ఇంటివారు కుర్చీ అంచున కూర్చుని, చేతులు ఆనించకుండా లేచి, నెమ్మదిగా మళ్లీ కూర్చోవాలి. పదిసార్లు. తర్వాత కుర్చీ వీపు పట్టుకుని మడమలు ఎత్తి దించడం. ఆపైన కూర్చునే ఒక్కొక్క కాలిని ముందుకు చాచి అయిదు లెక్కపెట్టేదాకా నిలపడం. తొడ కండరం బలపడితే మోకీలు మీద భారం తగ్గుతుందని ఆ శిక్షకురాలు తన తొడను తట్టి చూపించింది. బుర్ఖా గురించి ఆమె అన్న మాట ఒక్కటే: అంచు కాలికి తగిలి పడిపోకుండా చీలమండ పైకి ఉంటే మంచిదని. చివరి వరుసలో హిజాబ్ ధరించిన మరో ఇద్దరు నల్లజాతి సోదరీమణులు పొడవైన వదులు చొక్కాలతో చేస్తున్నారు. వాళ్లు సలాం చెప్పి మా ఇంటివారికి తమ మధ్య చోటు చేశారు. మేమూ మా అబ్బాయీ చెట్టు కింద, ఆ వరుసకు వీపు పెట్టి నిలబడ్డాము.

స్త్రీ పురుషులు కలిసి చేసే తరగతి మన మర్యాదకు తగినది కాదని మా అభిప్రాయం. కాని అంతటితో మాట ముగించేవారు సున్నత్‌లోని మరో పుటను తెరవడం లేదు. దైవప్రవక్త (స) ఒక ప్రయాణంలో సహచరులను ముందుకు సాగిపొమ్మని, తమ ధర్మపత్ని హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేశారు. ఆమె గెలిచారు. కొంతకాలానికి ఆమె ఒళ్లు చేసిన తర్వాత మరో ప్రయాణంలో మళ్లీ పందెం వేసి, ఈసారి తాము గెలిచి, అది పాత పందేనికి బదులని నవ్వుతూ చెప్పారు. హదీసు గ్రంథాలలో ఉన్న ఈ సంఘటనను మదరసాలో పాఠం చెప్పేటప్పుడు దంపతుల అనురాగానికి దృష్టాంతంగా చెప్పి ఊరుకుంటాము. ఇందులో గమనించవలసినవి మరి రెండున్నాయి. సహచరులను ముందుకు పంపి ఏకాంతం కల్పించారు. ఆ ఏకాంతంలో ఆమెను కూర్చోబెట్టలేదు, పరుగెత్తించారు. లజ్జను కాపాడే ఏర్పాటు చేయడం మగవారి పని. ఆ ఏర్పాటు చేయకుండా, లజ్జ పేరు చెప్పి ఆడవారిని గడప లోపలే ఉంచితే మనం పాటించింది సగం సున్నత్ మాత్రమే.

తరగతి అయిన తర్వాత బల్ల మీద కూర్చున్న ఒక వృద్ధురాలితో మాటలు కలిశాయి. ఆమె పుట్టి పెరిగింది ఆ పేటలోనే. బాట రాక మునుపు అక్కడ పిచ్చిమొక్కలు, చెత్త, చీకటి. ఇప్పుడు దీపాలు, చెట్లు, వ్యాయామం. "నా కాళ్లకు మేలే జరిగింది, నా ఇంటికే అవుతుందో లేదో" అన్నదామె. బాట వచ్చిన చోటల్లా భూమి ధర పెరిగింది. ధరతో పాటు ఆస్తిపన్ను పెరిగింది, అద్దెలు పెరిగాయి. ఇంటిని అమ్ముకునేవారికి ధర పెరగడం లాభం. అందులోనే కన్నుమూయాలనుకునేవారికి అది శిక్ష. ఈ బాధ ఆ వృద్ధురాలి ఒక్కదానిదే కాదు. బెల్ట్‌లైన్ ఆలోచనకు జన్మనిచ్చిన గ్రావెల్ తానే 2016లో దాని అనుబంధ సేవాసంస్థ పాలకవర్గం నుంచి వైదొలిగాడు. పేదలు నిలబడగల ఇళ్ల విషయంలో తగినంత శ్రద్ధ లేదన్నది అతని అభ్యంతరం. 2030 నాటికి సామాన్యులకు అందుబాటు ధరలో 5,600 ఇళ్లు సమకూర్చాలని బెల్ట్‌లైన్ పెట్టుకున్న లక్ష్యం.

ఇక్కడ ఒక సంగతి మమ్మల్ని ఆలోచింపజేసింది. ఉచిత వ్యాయామ తరగతులు నడిపేది బెల్ట్‌లైన్ పార్ట్‌నర్‌షిప్ అనే సేవాసంస్థ. పడమటి, దక్షిణపు పేటలలో చాలాకాలంగా సొంత ఇళ్లలో ఉంటున్న పేదలకు పెరిగిన ఆస్తిపన్ను మేరకు సాయం చేసే పథకాన్ని నడిపేదీ ఆ సంస్థే. గ్రావెల్ తప్పుకున్న సంస్థ కూడా అదే. మోకాలు వంచడం నేర్పేవారికీ పన్ను కట్టేవారికీ ఏమి సంబంధమని మొదట అనిపించింది. పొరుగింటివాడు ఊరు విడిచి వెళ్లిపోయిన తర్వాత అతని వీధిలో పెట్టిన ఉచిత తరగతి ఎవరి కోసం? ఆ పథకం అందరికీ అందుతుందా అంటే, అద్దెకుండేవారికి అందదు, ఇంటి యజమానులకే. అది దాని లోటు. అయినా ఆ రెండు పనులనూ ఒకే చేతితో చేయాలన్న గ్రహింపు మాకు నచ్చింది.

మదీనాలో రూమా బావి నీటిని దాని యజమాని వెల కట్టి అమ్మేవాడు. హజ్రత్ ఉస్మాన్ (రజి) తమ సొమ్ముతో దానిని కొని అందరికీ విడిచిపెట్టారు. వక్ఫ్ గురించి చెప్పేటప్పుడు ఈ ఉదాహరణ తప్పక వస్తుంది. అక్కడ జరిగినది నీళ్లు పంచడమొక్కటే కాదు. బావి మళ్లీ ఎవరి బేరానికీ లొంగకుండా అంగడి నుంచి తప్పించడం జరిగింది. అట్లాంటావారు రైలుదారిని అంగడి నుంచి తప్పించగలిగారు, దాని ఒడ్డున ఉన్న ఇళ్లను తప్పించలేకపోయారు.

వాషింగ్టన్ పార్కు నుంచి బాట వెంట దక్షిణంగా నడిచాము. పెద్ద రహదారి కిందుగా సాగి, సుమారు మూడు కిలోమీటర్ల తర్వాత వెస్ట్ ఎండ్ పేట వస్తుంది. దారి పొడవునా నాటిన చెట్లకు పేర్ల పలకలు ఉన్నాయి. మా ఇంటివారు ప్రతి బల్ల దగ్గరా కాస్త కూర్చుంటూ, లేస్తూ, ఆ లేవడంలో ఉదయం నేర్చిన పాఠం వల్లెవేస్తూ నడిచారు. వెస్ట్ ఎండ్‌లో నల్లజాతి ముస్లిములు కొన్ని దశాబ్దాల క్రితం స్థిరపడి నిర్మించుకున్న ఒక మస్జిద్ ఉంది. మామూలు ఇళ్ల మధ్య మామూలు కట్టడం. అక్కడ జుహర్ చేశాము. నమాజు తర్వాత ఒక పెద్దాయన ఖర్జూరాలు ఇచ్చి, మేము ఎక్కడి నుంచి వచ్చామో అడిగి, హైదరాబాద్ పేరు విని సంతోషించారు. బాట గురించి అడిగితే తన పిల్లలు దాని మీదే సైకిల్ నేర్చుకున్నారన్నారు. కాసేపు ఆగి, ఫజ్ర్‌కు నడిచి వచ్చేవారిలో కొందరు అద్దె భరించలేక దూరం పోయారని, ఇప్పుడు జుమాకు మాత్రం కారులో వస్తారని చెప్పారు.

ఆల్ఫరెట్టాకు తిరిగి వచ్చిన తర్వాత మా ఇంటివారు బిగ్ క్రీక్ వాగు వెంట ఉన్న నడకబాటకు వెళ్లడం మొదలుపెట్టారు. ప్రతి శనివారం నగరం దాకా కారు ప్రయాణం కుదిరే పని కాదు. మొదట కోడలు తోడు. తర్వాత నెల్లూరు నుంచి వచ్చిన ఒకామె, కరీంనగర్ నుంచి మనవరాలిని చూసుకోవడానికి వచ్చిన మరొకామె, మన పాతబస్తీ సోదరి ఒకరు తోడయ్యారు. కొడుకుల ఇళ్లలో పగలంతా ఒంటరిగా గడిపే తల్లులే అందరూ. చెక్కబల్ల మీద కూర్చుని లేచే వ్యాయామాన్ని మా ఇంటివారు వాళ్లకు నేర్పారు; లెక్క మాత్రం కరీంనగర్ ఆమెదే, ఆమె గొంతు పెద్దది. మేము తిరుగు ప్రయాణమయ్యే నాటికి ఆ గుంపులో పదకొండు మంది ఉన్నారు. చలికాలం సంగతి ఏమిటని వాళ్లే ఆలోచించి, దగ్గరి మస్జిద్ కమిటీని స్త్రీల హాలు అడిగారు. జుహర్‌కూ అసర్‌కూ మధ్య ఎలాగూ ఖాళీగానే ఉంటుందని, మంగళవారం, గురువారం వాడుకోమని, ముస్లిమేతర సోదరీమణులు కూడా రావచ్చునని కమిటీవారు ఒప్పుకున్నారు. కుర్చీలు అక్కడే ఉన్నాయి.