ఫుట్‌నోట్‌లో మా తాత పేరు



ఎండాకాలం సెలవుల్లో ఊరికి పోతే ఇంటర్ తమ్ముళ్లు ఒకటే అడుగుతున్నరు: "అన్నా, సెంట్రల్ యూనివర్సిటీల చదువు ఎట్లుంటది? తట్టుకుంటమా?" ఒక్కొక్కరికి చెప్పుడు కంటే ఒక్కసారి రాస్తే అయిపోతదని కూసున్న. పొడుగైంది, ఓపికతో చదవండి.

నాది జైనూర్ దిక్కు గోండు గూడెం. ఇంట్ల గోండి, ఆశ్రమ పాఠశాలల తెలుగు, గురుకులంల పేరుకు ఇంగ్లిష్ మీడియం. బాపు పత్తి, సోయా వేస్తడు. మా ఇంట్ల కాలేజీ గేటు దాటింది నేనే మొదలు. సీయూఈటీ రాస్తే హైదరాబాద్‌ల ఒక యూనివర్సిటీల ఐదేండ్ల ఎంఏ సీటు వచ్చింది. ఇప్పుడు మూడో సంవత్సరం. పేరు రాస్తలేను, అవసరం లేదు.

ఒకటి ముందే చెప్తున్న. ఎంట్రన్స్ తెలుగుల రాయొచ్చు. లోపలికి వచ్చినంక మాత్రం అంతా ఇంగ్లిషే. గురుకులంల సారు నోట్స్ చెప్తడు, మనం బట్టీ కొడ్తం, పొద్దుగాల పీఈటీ విజిల్ కొడ్తే లేస్తం. ఇక్కడ విజిల్ లేదు. నోట్స్ లేవు. రేపటి క్లాసుకు ముప్పై నలభై పేజీలు పంపుతరు, చదివి వచ్చి మాట్లాడాలె. మొదటి నెల నాకు ఒక పేజీకి అర్ధగంట పట్టేది. క్లాసుల నోరు తెరవలే. మెస్‌ల ఒకడు నవ్వుకుంటనే "మీకేంది, కోటా ఉంది కదా" అన్నడు. మన 7.5 శాతం రాజ్యాంగం నుంచి వచ్చిన హక్కు అని వానికి అప్పుడే చెప్పాల్సింది. ఇంగ్లిష్‌ల ఎట్ల అనాల్నో ఆలోచిస్తుంటే వాడు ప్లేటు కడుక్కొని పోయిండు.

ఆ సెమిస్టర్‌ల ఒక పేపర్ పోయింది. బాపు ఫోన్ చేస్తే "మంచిగైంది" అని అబద్ధం చెప్పిన. రెండుసార్లు బ్యాగ్ సర్దుకున్న కూడ.

ఆపింది హాస్టల్‌ల పరిచయమైన ఒక అక్క. భద్రాచలం దిక్కు కోయ, పీహెచ్‌డీ చేస్తది. "లైబ్రరీల ఎన్నిసార్లు కూసున్నవ్?" అని అడిగింది. ఏసీ కోసం పోయిన అని చెప్పిన. నవ్వి, కంప్యూటర్ ముందు కూసోబెట్టి "మీ జిల్లా పేరు కొట్టు" అన్నది. ఆదిలాబాద్ అని కొట్టిన. హైమన్‌డార్ఫ్ పుస్తకం వచ్చింది, 1948ల అచ్చయినది, ఆదిలాబాద్ రాజ్‌గోండుల మీద.

హైమన్‌డార్ఫ్ పేరు మనకు తెలియంది కాదు. 1940ల జోడేఘాట్‌ల భీమ్‌ను చంపినంక, మన సంగతి తెలుసుకోనీకి నిజాం సర్కారు పెట్టిన మనిషి. మార్లవాయిల ఉన్నడు, అక్కడ బడి పెట్టించిండు. ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ 1987ల చనిపోతే మార్లవాయిలనే సమాధి చేసిండ్రు. సమాధి నేను చూసిన. ఆయన రాసిన పుస్తకం మాత్రం చూడలే. మా ఊళ్ల ఎవరి ఇంట్లనూ లేదు. మా సగాల గురించి, పెన్‌ల గురించి, పర్ధాన్ కికిరి పట్టుకొని చెప్పే కథల గురించి అంత లావు పుస్తకం! ఆ రోజు పేజీకి అర్ధగంట పట్టలే. ఇంగ్లిష్ అదే, కానీ విషయం నాకు ముందే తెలుసు కదా.

రెండో సంవత్సరంల సెమినార్ పేపర్‌కు అదే తీసుకున్న. దీపావళికి దండారి టైముల ఇంటికి పోయి, కొన్ని పేజీలు గోండిల చెప్తుంటే తాత చుట్ట తాగుకుంట విన్నడు. ఒక కాడ ఆపిండు. "అది వేరే ఊరోళ్లు చెప్పేది. మన పర్ధాన్ చెప్పేది అట్ల కాదు" అని ఆయన చెప్పుడు మొదలువెట్టిండు. నేను ఫోన్ రికార్డింగ్ ఆన్ చేసిన.

తాత ఫోన్ దిక్కు చూసిండు. "ఇది ఎవరికి?"

"మా మేడంకు. మార్కుల కోసం తాతా."

"తెల్లదొర రాసుకున్నడు, మంచోడే. నువ్వు కూడ రాసుకో. గని పెన్ ముందర చెప్పేటియి ఉంటయ్, అవి ఇట్ల అరుగు మీద కూసొని చెప్పేటియి కావు. అవి ఒద్దు."

ఇదే నన్ను చాలా సతాయించింది. ఆయన ఒద్దన్నదే పేపర్‌కు అసలైన ముక్క. పుస్తకంల లేనిది, ఎవరూ రాయనిది. అది పెడ్తే మేడం కుర్చీల నుంచి లేస్తది అని తెలుసు. బస్సుల హైదరాబాద్ దాక అదే ఆలోచన. తాతకు ఇంగ్లిష్ రాదు, తెలిసేది కూడ కాదు.

పెట్టలే.

క్లాసుల చదివినప్పుడు ఒకరు "దీనికి సోర్స్ ఏంటి?" అన్నరు. "మా తాత" అన్న. నవ్విండ్రు. మేడం నవ్వలే. అదీ సోర్సే అన్నది. ఎట్ల రాయాల్నో బోర్డు మీద చూపించింది: చెప్పినోళ్ల పేరు, ఊరు, ఏ భాషల చెప్పిండ్రు, ఏ తారీకు, అడిగింది ఎవరు, పేరు వాడనీకి వాళ్లు ఒప్పుకున్నరా. తమ్ముళ్లూ, ఇది రాసిపెట్టుకోండి. మీ ఊళ్ల పెద్దలతోని మాట్లాడేటప్పుడు ఈ ఆరు అడగండి, తర్వాత గుర్తుండవు. పేరు ముచ్చట నేను అడగనే లేదు. ఫోన్ చేసి అడిగితే "నా పేరు పెట్టు, మీ నాయిన పేరు పెట్టకు, వానికేం తెల్వదు" అన్నడు తాత.

గ్రేడ్ బీ వచ్చింది. చివరి భాగం చిన్నగైంది, ఇంకా విస్తరించాల్సింది అని మేడం రాసింది. ఎందుకు చిన్నగైందో పోయి చెప్పిన. విన్నది. గ్రేడ్ మార్చలే. నేను అడగలే కూడ. రాత్రి మాత్రం కొంచెం బాధైంది, అబద్ధం ఎందుకు.

పోయిన పేపర్ మళ్లీ రాసి పాసైన. అప్పుడు బాపుకు అసలు సంగతి చెప్పిన. తిడ్తడనుకుంటే, "మళ్ల రాయనీకి పైసలెంత కట్టినవ్?" అన్నడు.

మొన్న సెలవులకు పేపర్ ప్రింట్ ఒకటి తీసుకపోయిన. తాత ఫుట్‌నోట్ కాడ వేలు పెట్టించుకొని తన పేరు చదివించుకున్నడు, రెండుసార్లు. "ఇది ఎక్కడ పెడ్తరు?" అంటే "మేడం బీరువాల" అన్న.

"ఆడ ఎందుకు? ఈడ పెట్టు" అన్నడు. రేషన్ కార్డు, పట్టా కాయితాలు పెట్టే ప్లాస్టిక్ కవర్ల పెట్టిండు. వానకు తడవదు.