చూడు – 20

ప్రతి ఏడాది మన విద్యాలయ పత్రికలో విజేతల ఫొటోలకు రెండు పేజీలు కేటాయిస్తారు. ఈసారి కూడా ఉన్నాయి. సైన్స్ ఒలింపియాడ్‌లో పతకం తెచ్చిన పదో తరగతి అన్నయ్య, ఇన్‌స్పైర్ మానక్‌కు ఎంపికై తన ఆలోచనకు 10,000 రూపాయలు అందుకున్న ఏడో తరగతి చెల్లెలు, బాలల సైన్స్ కాంగ్రెస్‌కు వెళ్ళొచ్చిన జట్టు, అందరూ అక్కడ ఉన్నారు. వాళ్ళకు మా అభినందనలు. మా ఫొటో మాత్రం లేదు. అయినా మా ప్రాజెక్టు గురించి రాయమని తెలుగు విభాగం చూసే మేడమ్ అడిగారు. “గెలిచినవాళ్ళ సంగతి ఫొటో చెబుతుంది. మీ సంగతి మీరే చెప్పుకోవాలి” అన్నారు.

మేము తొమ్మిదో తరగతి విద్యార్థులం, ముగ్గురం. ఇద్దరి ఇళ్ళలో తెలుగు, ఒకరింట్లో బెంగాలీ. జనవరిలో మేము నలుగురం. నాలుగోవాడు మలయాళీ. మేముండేది ఖరగ్‌పూర్‌లో. ఇక్కడి రైల్వే కాలనీల్లో తాతల కాలం నుంచీ తెలుగువాళ్ళు ఉన్నారు కాబట్టి, బడిలో హిందీ, బజారులో బెంగాలీ మాట్లాడినా ఇంటికొచ్చాక మన భాష మనకు ఉంటుంది.

మా ప్రాజెక్టు నీళ్ళ ట్యాంకు దగ్గర మొదలైంది. బడి వెనక మెట్ల మీద 1,000 లీటర్ల నల్ల ట్యాంకు ఒకటి ఉంది. పంపు చూసే దాదా రోజూ నిచ్చెన ఎక్కి, మూత తీసి, లోపలికి తొంగి చూసి దిగుతాడు. ఆయన మరిచిపోయిన రోజున ట్యాంకు పొర్లి మెట్లన్నీ తడిసిపోతాయి, లేదా మధ్యాహ్నం కుళాయిలో చుక్క రాదు. నిచ్చెన ఎక్కకుండానే నీళ్ళు ఎంత ఉన్నాయో తెలిస్తే బాగుంటుందని మా నలుగురికీ అనిపించింది.

టింకరింగ్ ల్యాబ్‌లో ఆర్డ్యూనో బోర్డు, శబ్దంతో దూరం కొలిచే చిన్న సెన్సార్ దొరికాయి. ఆ సెన్సార్‌కు రెండు గుండ్రని కళ్ళుంటాయి. ఒకటి సెకనుకు 40,000 కంపనాలున్న శబ్దాన్ని పంపుతుంది. మనిషి చెవి దాదాపు 20,000 వరకే వింటుంది కాబట్టి అది మనకు వినపడదు. శబ్దం నీటికి తగిలి తిరిగొస్తే రెండో కన్ను పట్టుకుంటుంది. వెళ్ళి రావడానికి పట్టిన కాలాన్ని శబ్ద వేగంతో గుణించి సగం చేస్తే నీటి మట్టం దాకా ఉన్న దూరం వస్తుంది. కోడ్ రాసింది మా మలయాళీ మిత్రుడే. శబ్ద వేగం సెకనుకు 343 మీటర్లు అని పెట్టాడు. జనవరి ఉదయాల్లో టేపు పెట్టి కొలిస్తే తెర మీద అంకె, టేపు మీద అంకె ఒకటే వచ్చాయి. ఆ రోజు మేము గంతులేశాం.

మే నెలలో వాళ్ళ నాన్నగారికి గువాహటి దగ్గరి మాలిగావ్‌కు బదిలీ అయింది. ఈ పత్రిక చదివే మీ అందరికీ ఆ వారం ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. ముందు అట్టపెట్టెలు వస్తాయి, తర్వాత టీసీ, ఆ తర్వాత స్టేషన్. ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం 1,072 మీటర్లు. ఒకప్పుడు ప్రపంచంలో అన్నిటికంటే పొడవైనది. 2013లో ఆ పేరు గోరఖ్‌పూర్‌కు వెళ్ళింది, 2023లో హుబ్బళ్ళికి వెళ్ళింది. “రికార్డులకు కూడా బదిలీలు తప్పవురా” అని మేము నవ్వించాలని చూశాం. వాడు కిటికీలోంచి ఒక పొడుగు నోటుబుక్కు ఇచ్చి, “అంతా ఇందులో రాశాను” అన్నాడు. రైలు కదిలింది. ఆ పుస్తకాన్ని మేము ల్యాబ్ బీరువాలో పెట్టి జూలై దాకా తెరవలేదు.

జూలైలో బడిలో సైన్స్ ప్రదర్శన. సెన్సార్‌ను నల్ల ట్యాంకు మూతకు బిగించాం. పొద్దున్న సరిచూస్తే ఒక సెంటీమీటరు తేడా వచ్చింది. టేపు వంకరగా పట్టుకున్నామేమో అనుకుని వదిలేశాం. మధ్యాహ్నం రెండింటికి న్యాయనిర్ణేతగా ఒక విశ్రాంత ఇంజినీరు గారు వచ్చారు. ఆయన జేబులోనే టేపు ఉంది. మూత నుంచి నీటి దాకా సరిగ్గా 100 సెంటీమీటర్లు వచ్చింది. మా తెర మీద 96 ఉంది.

“నాలుగు సెంటీమీటర్లే కదా సార్” అన్నాం.

“ఈ ట్యాంకులో నాలుగు సెంటీమీటర్లంటే రెండు బకెట్ల నీళ్ళు. లేని నీళ్ళు ఉన్నాయని చెబుతోంది మీ యంత్రం. తేడా ఎందుకొచ్చింది?” అని అడిగారు.

మాకు తెలియదు. తెలియదు అంటే సరిపోయేది. కానీ మాలో ఒకరి నోటి నుంచి, “కోడ్ రాసినవాడు బదిలీ అయి వెళ్ళిపోయాడు సార్” అన్న మాట వచ్చింది. మిగతా ఇద్దరం తల ఊపాం. ఆయన ఏమీ అనలేదు. చిన్న కాగితం మీద ఏదో రాసుకుని పక్క బల్ల దగ్గరికి వెళ్ళారు. మా ప్రాజెక్టు తర్వాతి స్థాయికి ఎంపిక కాలేదు.

ఆ సాయంత్రం ల్యాబ్‌లో సామాను సర్దుతూ మేము ముగ్గురం వాడినే తిట్టుకున్నాం. తప్పు కోడ్ రాసి తప్పించుకున్నాడన్నాం. మా మాటలు విన్న ఫిజిక్స్ సార్ కోప్పడలేదు. కుర్చీ లాక్కుని ఆజాదీశాట్ కథ చెప్పారు. దేశం నలుమూలల ప్రభుత్వ పాఠశాలల అమ్మాయిలు 750 మంది కలిసి 75 పరికరాలు తయారు చేస్తే, వాటితో కూర్చిన చిన్న ఉపగ్రహం అది. 2022 ఆగస్టు 7న మన శ్రీహరికోట నుంచి ఎస్‌ఎస్‌ఎల్‌వీ తొలి రాకెట్‌లో బయల్దేరింది. 356 కిలోమీటర్ల ఎత్తున గుండ్రని కక్ష్యలో తిరగాల్సింది, ఒకవైపు భూమికి 76 కిలోమీటర్ల దాకా దిగిపోయే కక్ష్యలోకి చేరింది. అంత కిందికి దిగితే ఉపగ్రహం నిలవదు. అమ్మాయిల కష్టమంతా పోయింది.

“అప్పుడు ఇస్రో ఏం చేసింది? ఎవరు వెళ్ళిపోయారు, ఎవరు మిగిలారు అని చూసిందా? ఏ క్షణంలో ఏ సెన్సార్ ఏం చెప్పిందో రాసి ఉన్న రికార్డులన్నీ తిరగేసింది. లోపం దొరికింది. 2023 ఫిబ్రవరి 10న ఆజాదీశాట్-2 సరైన కక్ష్యలోకి చేరింది. మీ రికార్డు ఏదీ?” అన్నారు సార్.

అప్పుడు గుర్తొచ్చింది నోటుబుక్కు. బీరువా తెరిచి తీశాం. ప్రతి పేజీలో తేదీ, సమయం, టేపు కొలత, తెర కొలత పొందికగా ఇంగ్లీషులో ఉన్నాయి. 343 అని రాసిన చోట మాత్రం మార్జిన్‌లో మలయాళంలో ఒక చిన్న మాట, పక్కన 20 అని ఉన్నాయి. ఆ లిపి మాలో ఎవరికీ రాదు.

మర్నాడు ప్రార్థన అయ్యాక ఆరో తరగతికి వెళ్ళాం. ఆ తరగతిలో జూన్‌లో పాలక్కాడ్ నుంచి వచ్చిన ఒక తెలుగు అమ్మాయి ఉంది. వాళ్ళ నాన్నగారు అక్కడ నాలుగేళ్ళు పనిచేశారు. స్టేషన్ బోర్డుల మీద ఊరి పేరు మూడు భాషల్లో ఉంటుంది కదా, హిందీ పక్కన పెట్టుకుని మలయాళం అక్షరాలు నేర్చుకున్నానని ఆ అమ్మాయి ఒకసారి బస్సులో చెప్పింది. నోటుబుక్కు చూపించాం. వేలు పెట్టి కూడబలుక్కుని చదివింది.

“చూడు” అంది.

“చూస్తూనే ఉన్నాం, ఏముందో చెప్పు” అన్నాం.

“అదే అన్నయ్యా, చూడు అని రాసి ఉంది. వాళ్ళ భాషలో చూడు అంటే వేడి. వేడి 20.”

ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. శబ్దం గాలిలో అన్ని వేళలా ఒకే వేగంతో పోదు. సున్నా డిగ్రీల దగ్గర సెకనుకు సుమారు 331 మీటర్లు. ఒక్కో డిగ్రీ పెరిగే కొద్దీ సుమారు 0.6 మీటరు పెరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర లెక్క కడితే 343 వస్తుంది. వాడు రాసింది తప్పు కాదు, జనవరి ఉదయానికి అది సరైన అంకె. ఆ మధ్యాహ్నమే ట్యాంకు మూత కింద థర్మామీటరు పెట్టి చూశాం. 41 డిగ్రీలు. అంటే శబ్ద వేగం 355 దాటుతుంది. శబ్దం త్వరగా తిరిగొస్తోంది, మా కోడ్ మాత్రం నీళ్ళే దగ్గరగా ఉన్నాయనుకుంటోంది. 100 చోట 96 కనిపించడానికి కారణం అంతే. పొద్దున్న వచ్చిన ఒక సెంటీమీటరు తేడాకు కారణం కూడా అదే. ఆ తేడాను అప్పుడే పట్టించుకుని ఉంటే న్యాయనిర్ణేత గారికి జవాబు చెప్పగలిగేవాళ్ళం.

ల్యాబ్ సొరుగులోనే ఉష్ణోగ్రత కొలిచే సెన్సార్ ఇంకొకటి ఉంది. రెండు డిగ్రీలు అటూ ఇటూ చెప్పే చౌక రకం. రెండు డిగ్రీల తేడా ఉన్నా 100 సెంటీమీటర్ల దగ్గర వచ్చే పొరపాటు మూడు నాలుగు మిల్లీమీటర్లే కాబట్టి మాకు చాలు. దాన్ని మూత కింద వేలాడదీసి, 343 తీసేసి, వేడిని బట్టి వేగం మారే సూత్రం పెట్టాం. పొద్దున్న, మధ్యాహ్నం, సాయంత్రం చొప్పున పది రోజులు టేపుతో సరిచూశాం. తేడా అర సెంటీమీటరు దాటలేదు.

ఆదివారం మాలిగావ్‌కు వీడియో కాల్ చేశాం. న్యాయనిర్ణేత గారి ముందు వాడి మీద పెట్టిన నేరం కూడా చెప్పేశాం. చెప్పకపోతే వాడికి ఎప్పటికీ తెలిసేది కాదు, కానీ మాకు తెలుసు కదా. వాడు కాసేపు మాట్లాడలేదు. మాకు గుండె ఆగినంత పనైంది. చివరికి, “తప్పు నాదీ ఉంది. ఆ మాట నా కోసం రాసుకున్నాను. మీకు చదవడం రాదని ఆలోచించలేదు” అన్నాడు. అప్పుడు చూడు అంటే తెలుగులో ఏమిటో చెప్పాం. వాడు పడీ పడీ నవ్వాడు. “అయితే మీ భాషలోనే చెప్పాను. అయినా మీరు చూడలేదు!”

ఇప్పుడు మా యంత్రం ట్యాంకు మీదే ఉంది. పంపు గది తలుపు పక్కన చిన్న తెర బిగించాం. పంపు చూసే దాదా మొదటి వారం దాన్ని నమ్మక తెర చూసి మళ్ళీ నిచ్చెన ఎక్కేవాడు. ఈమధ్య నిచ్చెనకు తాళం వేశాడు. మాకు వచ్చిన బహుమతి అదే.

నోటుబుక్కు కూడా ల్యాబ్‌లోనే ఉంది, బీరువాలో కాదు, బల్ల మీద. మొదటి పేజీలో మూడు నియమాలు రాశాం. ఏ కొలత రాసినా ఆ రోజు వేడి ఎంతో పక్కన రాయాలి. అందరికీ చదవడం వచ్చే భాషలో రాయాలి. అంకె మారితే, ఎందుకు మార్చామో రాయాలి. కింద మా నలుగురి పేర్లూ ఉన్నాయి. ఐదో పేరు ఆరో తరగతి చెల్లెలిది.

మాలో ఒకరి నాన్నగారి పేరు వచ్చే ఏడాది బదిలీ జాబితాలో ఉండొచ్చంటున్నారు. ఎవరు వెళ్ళినా ఈసారి పుస్తకం రైలు కిటికీలోంచి చేతులు మారదు. వెళ్ళేవాళ్ళు వారం ముందే ల్యాబ్‌లో కూర్చుని మిగిలేవాళ్ళకు పేజీ పేజీ చదివి వినిపించాలని ఒప్పందం చేసుకున్నాం.

మీలో ఎవరైనా వచ్చే ఏప్రిల్‌లో ఈ బడికి కొత్తగా వస్తే ల్యాబ్‌లో కిటికీ పక్క బల్ల దగ్గరికి రండి. మేము ఉన్నా లేకపోయినా పుస్తకం ఉంటుంది. తెరిచి చూడండి.