గురువుని మించిన హనోయ్ శిష్యులు

వియత్నాం రాజధాని హనోయ్‌లో నొక్ హా అని ఓ పాత పేట. అన్నీ ఇరుకు సందులే. వాటిలో మలుపులు తిరుగుతూ వెళ్తే ఉన్నట్టుండి ఓ చిన్న చెరువు కనిపిస్తుంది. చుట్టూ ఇళ్లు. నీళ్ల మధ్యలో తుప్పుపట్టిన చక్రాలూ, వంకర్లు తిరిగిన లోహపు ముక్కలూ! 1972 డిసెంబరు 27 రాత్రి కూలిన అమెరికా బాంబర్ బి-52 శకలాలవి. హు తియెప్ అనేది ఆ చెరువు పేరు. బి-52 చెరువు అంటే ఎవరైనా దారి చూపిస్తారు.

అక్కడికి దగ్గర్లోనే దోయ్ కాన్ వీధిలో బి-52 విజయ మ్యూజియం ఉంది. ఆవరణలో విమాన శకలాలతో పాటు ఎస్-75 క్షిపణి దర్శనమిస్తుంది. పొడవు పది మీటర్ల పైనే. బరువు రెండు టన్నులు దాటుతుంది. అది తయారైంది సోవియట్ యూనియన్‌లో. ప్రయోగించడం నేర్పిందీ ఆ దేశం వాళ్లే.

నేను చేసినట్టు చెయ్యి

1965 వసంతకాలంలో సోవియట్ క్షిపణి నిపుణులు హనోయ్ చేరుకున్నారు. యుద్ధంలో ఉన్నామని వాళ్ల ప్రభుత్వం బయటికి చెప్పదు కాబట్టి సైనిక దుస్తులు కాకుండా మామూలు బట్టలే వేసుకునేవారు. మామూలుగా ఈ శిక్షణకు ఏడాది కావాలి. తలమీద బాంబులు పడుతుంటే అంత వ్యవధి ఎక్కడిది? గురువులది ఒక భాష, శిష్యులది మరొకటి. మధ్యలో దుబాసీ. అందుకే పాఠాలు తగ్గించి 'నేను చేసినట్టు చెయ్యి' పద్ధతి పట్టారు.

చేయాల్సిన పనేమో కత్తిమీద సామే. రాడార్ క్యాబిన్‌లో ముగ్గురు కూర్చుని విమానం ఎంత దూరంలో, ఏ దిక్కున, ఎంత ఎత్తులో ఉందో చక్రాలు తిప్పుతూ వెంటాడాలి. లోపల ఉడికించే వేడి. బయట క్షిపణిలో ఇంధనం నింపేవాళ్లు ఆమ్లం మీద పడకుండా రబ్బరు దుస్తులూ ముసుగులూ వేసుకోవాలి.

1965 జులై 24న అసలు పరీక్ష ఎదురైంది. మీటలు సోవియట్ సైనికుల చేతుల్లో, పక్కన వియత్నాం శిష్యులు. అమెరికా ఫాంటమ్ విమానం ఒకటి నేలకూలింది. వియత్నాం క్షిపణి దళం ఏటా పండగ చేసుకునేది ఆ రోజునే. తర్వాత క్రమంగా శిష్యులు మీటలు అందుకున్నారు, గురువులు వెనక నిలబడ్డారు.

పుస్తకంలో లేని పాఠం

అమెరికా ఊరుకోలేదు. రాడార్ తరంగాలను పట్టుకుని వచ్చి దాన్నే పేల్చేసే ష్రైక్ క్షిపణులు దించింది. రాడార్‌ను కొద్ది క్షణాలు మాత్రమే వెలిగించి ఆపేయడం వీళ్లు నేర్చారు. వెదురుతో ఉత్తుత్తి క్షిపణులు చేసి, రంగులేసి, పొలాల్లో నిలబెట్టారు.

అన్నిటికన్నా గడ్డు సమస్య బి-52. అది వస్తే రాడార్ తెరంతా తెల్లటి చారలే, విమానం కనపడదు. దాని గుట్టు తెలుసుకోవడానికి 1966లో 238వ రెజిమెంట్‌ను దక్షిణ సరిహద్దులోని విన్ లిన్‌కు పంపారు. నష్టాలు భరిస్తూనే అనుభవం కూడబెట్టారు. అదంతా క్రోడీకరించి 1972లో బి-52ను కొట్టే పద్ధతులతో ఓ చేతిపుస్తకం సిద్ధం చేసుకున్నారు. దాని అట్ట ఎరుపు. ఈసారి పాఠం రాసింది శిష్యులే!

ఆ డిసెంబరు 18 నుంచి 29 వరకూ హనోయ్, హైఫాంగ్‌ల మీద బాంబుల వాన కురిసింది. క్షిపణులు పేల్చింది వియత్నాం దళాలే. పోయినవి 15 బి-52లని అమెరికా లెక్క, 34 అని వియత్నాం లెక్క.

అయినా క్షిపణులు అన్నిటినీ ఆపలేకపోయాయి. చెరువులో బాంబర్ కూలడానికి ముందురోజు రాత్రే ఖామ్ థియెన్ వీధి నేలమట్టమైంది. అక్కడి స్మారకంలో చనిపోయిన బిడ్డను చేతుల్లో పట్టుకున్న తల్లి విగ్రహం ఉంటుంది. హనోయ్ వెళ్లినవాళ్లు చెరువు చూసి వెనుదిరగకుండా ఆ వీధికీ వెళ్లాలి. ఆ శిష్యులు అంత తొందరగా ఎందుకు నేర్చుకోవాల్సి వచ్చిందో ఆ తల్లిని చూస్తే తెలుస్తుంది.