చిల్లు దుప్పటి

2023 జనవరి. ఉక్రెయిన్ నుంచి ఎడ్మంటన్ వచ్చిన ఒకావిడకి, ఇద్దరు పిల్లలకి ఇంటిసామాను కావాలని తెలిసి నేనూ ఓ అట్టపెట్టె సర్దాను. చిల్లు దుప్పటి, పిడి ఊడిన పెనం, మూతల్లేని డబ్బాలు... పెట్టె నిండింది, మనసూ నిండింది :)

అమ్మకి ఫోన్లో గొప్పగా చెప్పాను. "మీ అక్కని కాపురానికి పంపినప్పుడు చిల్లు దుప్పటే పెట్టామట్రా?" అంది.

నా నోట మాట రాలేదు.

నేనూ రెండు సూట్‌కేసులతోనే ఈ దేశం వచ్చాను. కానీ నేను కోరి వచ్చాను. వాళ్ళని 2022 ఫిబ్రవరి 24న మొదలైన యుద్ధం తరిమింది. 18 నుంచి 60 ఏళ్ళ మగవాళ్ళు చాలామందికి అప్పుడు దేశం దాటే వీల్లేదు, అందుకే ఆవిడ భర్త అక్కడే ఉండిపోయాడు. కెనడా ప్రభుత్వం పెద్దవాళ్ళకి తలా 3,000 డాలర్లు, పిల్లలకి 1,500 ఒక్కసారి ఇచ్చేది. అద్దె, అడ్వాన్సు కట్టాక అందులో మిగిలేదెంత?

పెట్టె విప్పి మళ్ళీ సర్దాను. మూడు కొత్త దుప్పట్లు, దిండ్లు, గిన్నెలు, చాకు, సబ్బులు, టాయిలెట్ పేపరు. మొదటి రాత్రికే కావాల్సినవి.

తీసుకెళ్ళి ఇస్తే ఆవిడ ముందు చాకు తీసింది. యాపిల్ కోసి పిల్లలకిచ్చి, నాకూ ఓ ముక్క పెట్టింది. ఆ ఇంటికి మొదటి చుట్టాన్ని నేనేనేమో!

అక్కర్లేనిది వదిలించుకోవడం వేరు, ఇవ్వడం వేరు. ఏమంటారు?