జెడ్-షెల్ డీబగ్ బిల్డ్: అన్నీ ఆన్ చెయ్యకండి

ప్రోగ్రామ్ సెగ్మెంటేషన్ ఫాల్ట్‌తో పడిపోగానే మనం చేసే మొదటి పని, కాన్ఫిగర్ హెల్ప్ తెరిచి ‘డీబగ్’ అని కనిపించినవన్నీ ఆన్ చెయ్యడం. జెడ్-షెల్ దగ్గర (2019లో కెటలీనా వచ్చినప్పట్నుంచి మ్యాక్‌లో డిఫాల్ట్ ఇదే కదా) ఈ అలవాటు కొంప ముంచుతుంది.

దీనికి సొంత మాలొక్ ఒకటుంది. ‘మెమ్’ అనే ఆప్షన్ ఇస్తే వస్తుంది, మామూలుగా ఆఫ్. పక్కనే ఉండే మెమ్-డీబగ్, మెమ్-వార్నింగ్, సెక్యూర్-ఫ్రీ ఆ సొంత మాలొక్ లోపలి తనిఖీలే. పోనీలే అని అన్నీ ఆన్ చేశామా, అడ్రస్ శానిటైజర్ కూర్చోవాల్సిన కుర్చీలో ఈ మాలొక్ కూర్చుంటుంది. 2013లో జీసీసీ 4.8తో శానిటైజర్ చేతికొచ్చాక వీటి అవసరం తీరిపోయిందని నా అభిప్రాయం.

అసలు తిరకాసు ఇంకోటి. షెల్ తాత్కాలిక స్ట్రింగులన్నీ తన ‘హీప్’లో పెట్టుకుంటుంది. మాలొక్ వాడేది కాదు, పెద్ద ముక్క తెచ్చుకుని తనే పంచుకునేది. పని మొదట్లో పుష్‌హీప్, అయ్యాక పాప్‌హీప్, మధ్యలో తీసుకున్నవన్నీ ఒక్కసారే పోతాయి. ఆ తర్వాత కూడా ఎవరైనా పాత పాయింటర్ పట్టుకుని చదివితే? పెద్ద ముక్క ఇంకా షెల్ చేతిలోనే ఉండొచ్చు కాబట్టి బయటి సాధనానికి అంతా సవ్యంగానే కనిపిస్తుంది.

నేను పనిచేసిన ఒకచోట సరిగ్గా ఇదే. షెల్‌కి సొంతంగా రాసుకున్న మాడ్యూల్, రాత్రిపూట రిలీజ్ స్క్రిప్టు మధ్యలో చచ్చేది. ‘వాల్‌గ్రైండ్ క్లీన్’ అని మెయిల్ పెట్టి, మెషీన్ ర్యామ్ మార్పించారు! మాడ్యూల్ రాసిన కుర్రాడు మాత్రం మూడు వారాలు రోజూ సంజాయిషీ చెప్పుకున్నాడు. ‘వాల్‌గ్రైండ్’ అనే ఆప్షన్‌తో మళ్ళీ బిల్డ్ చేస్తే (వాల్‌గ్రైండ్ హెడర్లు ఉండాలి) హీప్‌లో ఏది బతికుందో షెల్లే దానికి చెబుతుంది. తప్పు చేసిన లైను అప్పుడు బయటపడింది. అది ఆ కుర్రాడిది కాదు, తర్వాత ఇంకెవరో కలిపింది.

అందుకే నేను రెండు బిల్డులు పెట్టుకుంటాను. జెడ్-షెల్ డీబగ్ రెండింట్లోనూ, మెమ్ దేంట్లోనూ లేదు. ఒకదాంట్లో అడ్రస్ శానిటైజర్. వేగం సుమారు సగానికి పడుతుంది, అంతే. హీప్ స్ట్రింగ్‌ని పొరపాటున ఫ్రీ చేస్తే అక్కడికక్కడే అరుస్తుంది. రెండోది వాల్‌గ్రైండ్ బిల్డు. ఇది ఇరవై ముప్ఫై రెట్లు నెమ్మది, రాత్రికి వదిలేసి ఇంటికి పోవడమే.

అన్నట్టు, శానిటైజర్ బిల్డులో లీక్ తనిఖీ ఆపెయ్యండి. షెల్ బయటికెళ్ళేటప్పుడు అన్నీ ఫ్రీ చెయ్యదు. అది లీక్ అనుకుని ఎగ్జిట్ కోడ్ మార్చేస్తే, మీ స్క్రిప్టులో ‘ఇఫ్’లన్నీ తారుమారు.