మొదటి కెమెరా: డబ్బు లెన్సు మీద పెట్టండి

రాయ్‌పూర్‌లో తొలి డీఎస్ఎల్ఆర్ కొనే మనవాళ్లకు నా మాట ఒకటే: బాడీ మీద తగ్గించి లెన్సు మీద పెట్టండి. పొద్దుగూకే వేళ బూఢా తలాబ్ గట్టున నడిచేవాళ్లను తీయాలంటే కావాల్సింది మెగాపిక్సెళ్లు కాదు, వెలుతురు. 18-55 కిట్ లెన్సు 55 దగ్గర ఎఫ్ 5.6 వరకే తెరుచుకుంటుంది. 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్సు దానికి దాదాపు 10 రెట్ల వెలుతురు లోపలికి తెస్తుంది. ముఖం చెదరకుండా నిలిచేది అందుకే.

"ఇప్పుడంతా మిర్రర్‌లెస్సే కదా" అంటారు. నిజమే, పాత డీఎస్ఎల్ఆర్‌లు చవకగా దొరికేదీ అందువల్లే. 1987లో మొదలైన కెనాన్ ఈఎఫ్ లెన్సులు అడాప్టర్‌తో రేపు కొనే కెనాన్ మిర్రర్‌లెస్ ఆర్ఎఫ్ బాడీకీ పనికొస్తాయి. సెకండ్ హ్యాండ్ అంటే భయమా? షట్టర్ కౌంట్ (షట్టర్ ఇప్పటిదాకా ఎన్నిసార్లు పనిచేసిందో) అడగండి, లెన్సును వెలుతురుకి ఎదురుగా పట్టి లోపల ఫంగస్ ఉందేమో చూడండి. బాడీ పాతబడుతుంది, మంచి లెన్సు మిగులుతుంది.